తులనకు అర్హం కాని తుంటి

తప్పు ఆ అమ్మాయిది కాదు. జిల్లా కేంద్రంలో విద్యార్థులకి ఉద్యోగ మార్గాల సదస్సు పెట్టారు. శాఖ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు వేదిక మీద నిలబడి వైద్యరంగంలో అవకాశాలు సముద్రంలాంటివని చెబుతుంటే, ఇంటరు పరీక్షలు రాసిన ఒక పిల్ల లేచి నిలబడింది.

"సార్, ఎక్స్‌రే కోర్సు, సీటీ స్కాన్ కోర్సు, ఎమ్మారై కోర్సు అని మూడున్నాయి కదండీ. వీటిలో ఏది చదివితే మంచిదండీ?"

ఆయనకి తెలీదు. తెలీదమ్మా అంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆయన హోదాకి ఆ మాట అనే అధికారం లేదు. "మంచి ప్రశ్న. మూడు నెలల్లో ప్రభుత్వమే శాస్త్రీయంగా తేల్చి చెబుతుంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మూడు యంత్రాలూ ఒకే వరండాలో ఉన్నది మా జిల్లా ఆసుపత్రిలో కాబట్టి తేల్చే పని మా నెత్తిన పడింది.

నా పేరు పోలినాయుడు. ఎక్స్‌రే టెక్నీషియన్ని. "ఊపిరి పీల్చు, బిగబట్టు, వదిలెయ్" అన్న మూడు మాటలతో ఇరవై రెండేళ్లు బతికాను. మా పక్క గదిలో సీటీ స్కాన్ షమీమ్‌ది. నన్ను అన్నా అంటుంది. ఆ పక్కన ఎమ్మారై విద్యాధర్‌ది. కుర్రాడే గానీ పని తెలిసినవాడు. నన్ను గురువుగారూ అని, షమీమ్‌ని అక్కా అని పిలుస్తాడు. ముగ్గురం మధ్యాహ్నం నా గదిలోనే క్యారేజీలు విప్పేవాళ్లం. మాలో ఎవరి ఉద్యోగం గొప్పదన్న ఆలోచన ఆ రోజు దాకా ఎవరికీ రాలేదు. వచ్చే తీరిక ఉండేది కాదు. పొద్దున్న ఎనిమిదికల్లా వరండా నిండా జనం ఉండేవారు.

పది రోజుల్లో పరాంకుశం గారు దిగారు. ఆయన హోదా 'ప్రత్యేక తులనాధికారి'. రెండు బీరువాలు, ఒక రబ్బరు స్టాంపుల పెట్టె వెంట తెచ్చుకున్నారు. సూపరింటెండెంటు గారు తన గది పక్కనే ఆయనకి గది ఇచ్చారు. అంతవరకూ అది కట్లు కట్టే గది. కట్లు కట్టేవాళ్లు మెట్ల కిందకి వెళ్లారు.

మొదటి సమావేశంలో పరాంకుశం గారు కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టారు.

"వైద్య చిత్రణ రంగమందు ఉద్యోగ మార్గముల తులనాత్మక నిర్ధారణ అనునది ఈ దేశములోనే ప్రథమ ప్రయత్నము. ఇందుకు గాను అరవై నాలుగు గడులతో ఒక పట్టిక రూపొందించబడినది. మీరు మీ వృత్తిలోని పది సుగుణములను, తక్కిన రెండు వృత్తులలోని చెరి పది లోపములను ఎవరితోనూ సంప్రదించకుండా నింపి సమర్పించవలెను."

"లోపాలెందుకు సార్?" అంది షమీమ్. "వాళ్ల పని వాళ్లు బాగానే చేస్తున్నారు."

"అమ్మా, లోపము లేనిదే పోలిక లేదు. పోలిక లేనిదే నేను లేను" అన్నారాయన. అంత నిజం ఆయన మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

కాగితం చేతికొచ్చాక మనిషి మారిపోతాడని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. సుగుణాలు ఆరు దగ్గర ఆగిపోయాను. లోపాలు మాత్రం ఇరవై అనుకుంటే ఇరవై ఆరు వచ్చాయి. ఎమ్మారైలో రోగికి తలనొప్పి వస్తుందని, మెళ్లో పుస్తెలు తీయమంటే ఆడవాళ్లు ఏడుస్తారని రాశాను. సీటీ వాళ్లు మనిషిని రొట్టె ముక్కల్లా కోసి చూస్తారు కాబట్టి మొత్తం మనిషిని ఎప్పుడూ చూడరని రాశాను. రాసి చాలా సంతోషించాను.

వారం తిరక్కుండా ఎవరేం రాశారో ముగ్గురికీ తెలిసిపోయింది. అటెండర్లుండగా ఆసుపత్రిలో రహస్యం ఎక్కడుంటుంది?

"ఎక్స్‌రే అంటే పాతకాలపు ఫోటో స్టూడియో అని రాశావటగా?" అని విద్యాధర్‌ని అడిగాను.

"మా మిషన్‌ని శబ్దం చేసే శవపేటిక అన్నది మీరే కదండీ?" అన్నాడు. గురువుగారూ అనలేదు.

ఆ రోజు నుంచి మూడు క్యారేజీలు మూడు గదుల్లో విప్పుకున్నాం.

ఇక పరాంకుశం గారు అసలు పనిలోకి దిగారు. పోలిక న్యాయంగా ఉండాలంటే మూడు వృత్తులకీ ఒకే పని ఇవ్వాలన్నారు. దాన్ని 'సమాన అవకాశ సూత్రం' అన్నారు. దాని ప్రకారం వచ్చిన ప్రతి రోగినీ మూడు యంత్రాల్లోనూ చూడాలి. మొదటి రోజు కాలిబొటనవేలికి రాయి తగిలించుకుని ఒక లారీ క్లీనరు వచ్చాడు. ఆ వేలికి ఎక్స్‌రే అయింది, సీటీ అయింది, ఎమ్మారై అయింది. సాయంత్రానికి ఆ వేలి గురించి తెలియని విషయం లేదు. దానికి కట్టు కట్టడం మాత్రం మర్చిపోయారు.

తర్వాత కాలం సంగతి వచ్చింది. ఎమ్మారైకి నలభై నిమిషాలు, ఎక్స్‌రేకి రెండు నిమిషాలు.

"ఇది అసమానత" అన్నారు పరాంకుశం గారు. "నాయుడు గారూ, మీరును నలభై నిమిషములు తీసుకొనవలెను."

"నొక్కితే అయిపోతుంది సార్. తక్కిన ముప్పై ఎనిమిది నిమిషాలు ఏం చెయ్యను?"

"అది వృత్తినైపుణ్యమునకు సంబంధించిన విషయము. దానిలో నేను జోక్యము చేసుకొనను."

అలా రోగిని బల్ల మీద పడుకోబెట్టి ముప్పై ఎనిమిది నిమిషాలు పంటల సంగతీ, పెళ్లిళ్ల సంగతీ మాట్లాడేవాణ్ణి. కొందరు నిద్రపోయేవారు. ఎమ్మారైలో చప్పుడు ఉంటుంది, తక్కిన రెండింటిలో లేదు అని తేలడంతో నా తలుపు బయట ఒక అటెండరు స్టీలు బేసిన్ కర్రతో వాయించాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. వాడు చిన్నప్పుడు తప్పెటగుళ్ల జట్టులో ఉన్నవాడు. మనసు పెట్టి వాయించాడు. గుండెనొప్పితో వచ్చినవాళ్లు ఆ తాళానికి లేచి వెళ్లిపోయేవారు.

రోజుకి నూట యాభై మందికి తీసే నేను పన్నెండు మందికి తీస్తున్నాను. వరండాలో జనం పెరిగారు. గేటు దాటారు. రోడ్డు మీద టీ కొట్టు దాకా వెళ్లారు. ఈ సంగతి సూపరింటెండెంటు గారు చెబితే పరాంకుశం గారు పట్టికలో చూసి, "వేచియుండుట అనే గడి లేదండీ" అన్నారు.

ఆయన బాధ వేరే ఉంది. ఆరోగ్యం బాగోలేనివాళ్లు కదులుతున్నారు. మూలుగుతున్నారు. దగ్గుతున్నారు. ఒక రోగికి కాలు, ఇంకో రోగికి ఊపిరితిత్తి. ఇలా ఎవరి జబ్బు వాళ్లదైతే వృత్తుల్ని పోల్చేదెలా? మూడు రాత్రుల నోట్సు తర్వాత ఆయనకి దారి దొరికింది.

"రోగులు రోగులుగా ఉన్నంతవరకు శాస్త్రీయమైన ఫలితము అసాధ్యము. కావున ఒక ప్రామాణిక రోగిని నియమించుట జరుగుచున్నది. సదరు వ్యక్తికి ఏ విధమైన జబ్బు ఉండరాదు. కదలరాదు. ప్రతిదినము మూడు యంత్రములకును అతడే హాజరు కావలెను."

"ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజూ ఎక్స్‌రే తియ్యకూడదు సార్" అన్నాను. "ఒంటికి మంచిది కాదు. అందుకే కదా మేం కూడా తెర వెనక్కి వెళ్లి నొక్కేది."

"ఆరోగ్యవంతునికి తీయరాదని నిబంధన. ఇతడు ప్రామాణిక రోగి. నిబంధనలో ఆ పదమే లేదు."

నలుగురిని పరీక్షించి ఆనందరావుని తీసుకున్నారు. ముప్పై నాలుగేళ్లవాడు. ఊళ్లో యోగా తరగతులు నడుపుతాడు. శవాసనంలో జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. ఎమ్మారైలో పడుకుంటే విద్యాధర్ రెండుసార్లు కిటికీ కొట్టి బతికే ఉన్నాడా అని చూశాడు. నాకు భయం వేసి, నేను మీట నొక్కకుండానే 'నొక్కాను' అనేవాణ్ణి. మొదటిరోజు ఫిల్మునే రోజూ తేదీ మార్చి ఇచ్చేవాణ్ణి. షమీమ్ కూడా అదే చేస్తోందని తర్వాత తెలిసింది. నిమ్మకాయలా నిగనిగలాడే మనిషిని అలా ఎండబెట్టడం ఇద్దరికీ చేతకాలేదు.

ఇక నిజం రోగుల సంగతి. వాళ్లు వచ్చిన వెంటనే చీటీ మీద ఒక స్టాంపు వేసేవారు. 'తులనకు అర్హం కాదు' అని. ఆ స్టాంపు పడితే తులనాకాలం ముగిసేదాకా మూడు గదుల్లో దేనిలోకీ రానివ్వరు. ఎక్స్‌రే లేనిదే డాక్టరు చూడరు. డాక్టరు చూడనిదే వార్డులో మంచం లేదు.

గురమ్మ ఆ స్టాంపుతోనే వచ్చింది.

అరవై దాటిన మనిషి. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. ఆ పని చేసినవాళ్ల వేళ్లు చూస్తే తెలిసిపోతుంది, జీడి కారి నల్లగా కాలిపోయి ఉంటాయి. తడి మెట్టు మీద జారి పడింది. కోడలు ఎర్రమ్మ ఆటోలో వేసుకొచ్చి నా తలుపుకెదురుగా గోడవారన దుప్పటి పరిచి పడుకోబెట్టింది. కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నవాణ్ణి, ఎక్స్‌రే లేకుండానే తెలుస్తుంది. తుంటి విరిగింది.

"బాబూ, మా అత్తకి పోటో తియ్యరా?" అని ఎర్రమ్మ అడిగింది.

నేను చీటీ చూశాను. స్టాంపు చూశాను. "రేపు చూద్దాంలే అమ్మా" అన్నాను.

అలాగే రెండో రోజూ అన్నాను. మూడో రోజు ఆనందరావు శవాసనం ముగించుకుని బయటికొస్తుంటే గురమ్మ అతన్ని చూసి కోడలితో అంది:

"ఈ బాబుకి ఏటయినాదో పాపం. రోజూ లోపలికి తీసుకెళ్తన్నారు. నాకంటే పెద్ద దెబ్బే తగిలుంటాది. ముందు ఆడికి సూడనీ."

ఆనందరావు తల దించుకుని గబగబా వెళ్లిపోయాడు. నేను గదిలోకెళ్లి కుర్చీలో కూర్చున్నాను. బయట బేసిన్ మోగుతోంది. ఆ ఫారంలో నా సుగుణాలు ఆరు దగ్గర ఎందుకు ఆగిపోయాయో నాకప్పుడు అర్థమైంది. రాసిన ఆరు కూడా అబద్ధమే.

లేచి బయటికొచ్చి అటెండరుని వాయించడం ఆపమన్నాను. "స్ట్రెచర్ తే" అన్నాను.

"స్టాంపు ఉంది కదండీ?"

"నాకు కళ్లు సరిగా కనపట్టం లేదు. నువ్వు స్ట్రెచర్ తే."

గురమ్మని ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. సీటీ గది తలుపు తీసుకుని షమీమ్ వచ్చింది. మేం మాట్లాడుకుని పద్దెనిమిది రోజులైంది. వస్తూనే గురమ్మ నడుం కింద చెయ్యి పెట్టి, "అమ్మా, నా మెడ పట్టుకో. అరవాలనిపిస్తే అరిచెయ్" అంది. గురమ్మ అరవలేదు. షమీమ్ భుజం మీద గోళ్లు దిగేలా పట్టుకుంది.

రెండే రెండు నిమిషాలు పట్టింది. తుంటి కీలు దగ్గర ఎముక రెండు ముక్కలుగా స్పష్టంగా కనపడింది.

ఫిల్ము మీద పేరు వెయ్యాలి. తులనాకాలంలో మా కంప్యూటరు ఒక్క పేరే తీసుకుంటుంది. 'ఆనందరావు, పురుషుడు, 34, ప్రామాణిక రోగి'. అదే వేశాను. ఎముకల డాక్టరు మాలతీదేవి గారికి స్వయంగా పట్టుకెళ్లి చూపించి జరిగింది చెప్పాలనుకున్నాను. ఆవిడ ఆ పూట పక్క ఊరి శిబిరంలో ఉన్నారు. బల్ల మీద పెట్టి వచ్చాను. అక్కడే పొరపాటు చేశాను.

పరాంకుశం గారి తులనా విభాగం వాళ్లు రోజూ వచ్చి ప్రామాణిక రోగి ఫిల్ములన్నీ సేకరిస్తారు. ఆ సాయంత్రం అది కూడా పట్టుకెళ్లారు. మర్నాడు పొద్దున్నే ఆనందరావు నా గదికి పరుగెత్తుకొచ్చాడు. నిజంగానే పరుగెత్తాడు.

"నాయుడు గారూ, నాకు ఆపరేషనంట!"

వెంట పరాంకుశం గారు, ఇద్దరు మగ నర్సులు, ఒక చక్రాల కుర్చీ.

"సార్, నేను నడుస్తున్నాను చూడండి" అంటూ ఆనందరావు వరండాలో అటూ ఇటూ నడిచాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. వృక్షాసనం వేశాడు.

"మీరు నడుచుచున్నారన్నది మీ వ్యక్తిగత అభిప్రాయము" అన్నారు పరాంకుశం గారు. "ఫిల్ము ప్రభుత్వ రికార్డు. ఎముక విరిగినట్లు రికార్డులో ఉన్నప్పుడు ఇలా ఒంటికాలిపై నిలబడుట బాధ్యతారాహిత్యము. కూర్చోండి."

"సార్, ఆ ఫిల్ము ఆయనది కాదు" అన్నాను. "గురమ్మ అని ఒకావిడది. నేనే తీశాను. పేరు మార్చి వేశాను. నాదే తప్పు."

పరాంకుశం గారు బీరువాలోంచి తెప్పించిన పట్టిక తిరగేశారు. అరవై నాలుగు గడులూ వేలితో చూశారు.

"మీరు చెప్పునది నమోదు చేయుటకు గడి లేదు, నాయుడు గారూ. పైగా గురమ్మ అను వ్యక్తి తులనకు అర్హురాలు కాదు. అర్హత లేని వ్యక్తికి ఎక్స్‌రే తీయబడదు. తీయబడని ఎక్స్‌రేలో ఎముక విరగదు. మీరు అలసిపోయినట్లున్నారు."

ఆనందరావుని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయారు. గురువారం పది గంటలకి ఆపరేషను. మంచం, మందులు, రక్తం అన్నీ అతని పేరున సిద్ధమైపోయాయి. అరగంటలో అయిపోయాయి. గురమ్మకి మూడు రోజుల్లో దుప్పటి తప్ప ఏదీ దొరకలేదు.

ఆ మధ్యాహ్నం విద్యాధర్ క్యారేజీ పట్టుకుని నా గదికి వచ్చాడు. వెనకే షమీమ్. ముగ్గురం క్యారేజీలు విప్పాం.

"గురువుగారూ, శవపేటిక మాట బాధేసింది గానీ, నిజమేనండీ. లోపల పడుకున్న మనిషికి అలాగే ఉంటుంది. నేనే రేపట్నుంచి ముందే చెప్పి పడుకోబెడతాను" అన్నాడు.

"ఆ సంగతి తర్వాత" అంది షమీమ్. "గురువారం ఎలా, అన్నా?"

ముగ్గురం మాలతీదేవి గారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ అప్పుడే శిబిరం నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నారు. ఆనందరావు కేసు షీటుతో పాటు తన బల్ల మీదకి వచ్చిన ఫిల్ముని దీపం ముందు పెట్టి చూశారు. కటి ఎముక ఆకారం చూశారు. కేసు షీటు మీద 'పురుషుడు' అన్న మాట చూశారు.

"ఈ మగాడు ముగ్గురు పిల్లల్ని కన్నట్టున్నాడే" అన్నారు.

నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"అసలు ఆవిడ ఏదీ?"

వరండాలోకి వచ్చి నేల మీద మోకాళ్లూని గురమ్మ కాలు పట్టుకుని చూశారు. నాడి చూశారు. మూడు రోజులుగా ఏం తిన్నావని అడిగారు. లేచాక ఆవిడ ముఖం ఎర్రగా ఉంది.

"చూడండి నాయుడు గారూ, థియేటర్లో బల్ల మీద ఎవరున్నారో చూసి కోస్తాను గానీ కేసు షీటు మీద పేరు చూసి కొయ్యను. ఈవిడ రక్తం, గుండె పరీక్షలన్నీ నేను చేయిస్తాను. అవి మాత్రం ఈవిడ సొంత పేరుతోనే నా పుస్తకంలో ఉంటాయి. కాగితాల్లో వాళ్లు ఏం రాసుకుంటారో వాళ్ల ఇష్టం. ఆనందరావు గారి మంచం మీద ఈవిణ్ణి పడుకోబెట్టండి. మీరు దొరికిపోతే?"

"ఒప్పుకుంటాను మేడం. ఇప్పటికే ఒకసారి ఒప్పుకున్నాను. వాళ్లే ఒప్పుకోలేదు."

మంచం మార్చడం అంత కష్టం కాలేదు. ఆనందరావు దుప్పటి తీసి పక్కన పెట్టి, "అమ్మా, మీకోసమే వేయించాను ఈ మంచం" అని గురమ్మకి దణ్ణం పెట్టి వెనక గేటు గుండా వెళ్లిపోయాడు. వార్డు సిస్టరు పక్కకి తిరిగి కిటికీ తెరలు సర్దుకుంది.

గురువారం పది గంటలకి ఆపరేషను జరిగింది. రెండు గంటలు. మేం ముగ్గురం థియేటరు బయట బల్ల మీద కూర్చున్నాం. ఎర్రమ్మ నేల మీద కూర్చుని కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది. మాలతీదేవి గారు తలుపు తీసుకుని వచ్చి ఎర్రమ్మ తల మీద చెయ్యి వేసి, "మీ అత్త గట్టి మనిషి. నడుస్తుంది" అన్నారు. ఎర్రమ్మ ముందు నవ్వింది, తర్వాత బావురుమంది. విద్యాధర్ ఎమ్మారై గదికెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

నాలుగో రోజుకి గురమ్మ వాకరు పట్టుకుని లేచి నిలబడింది. రెండు వారాలకి ఇంటికి వెళ్లింది. డిశ్చార్జి కాగితం మీద 'ఆనందరావు, పురుషుడు, 34. యోగాసనములకు ఒక సంవత్సరము దూరముగా ఉండవలెను' అని ఉంది.

మూడు నెలలూ పూర్తయ్యాయి. పరాంకుశం గారి నివేదిక నాలుగు వందల పేజీలు వచ్చింది. ఎక్స్‌రే ఉద్యోగం కంటే సీటీ ఉద్యోగం మేలని, సీటీ కంటే ఎమ్మారై మేలని, ఎమ్మారై కంటే ఎక్స్‌రే మేలని తేలింది. ఈ మూడింటికీ ఉమ్మడి లోపం ఒకటి ఉందని, అవి పూర్తిగా రోగుల మీద ఆధారపడి ఉన్నాయని ఆఖరి పేజీలో రాశారు. విద్యార్థుల కోసం వేసిన పుస్తకంలో మాత్రం ఒకటే వాక్యం ఉంది: 'మూడును మంచివే.'

ఇంతటితో వెళ్లిపోతారనుకున్నాం. వెళ్లే ముందు రికార్డులు సర్దుతుంటే వాళ్లకి మాలతీదేవి గారి పుస్తకం కనపడింది. అందులో గురమ్మ పేరుంది. నాకు ఛార్జిమెమో వచ్చింది. 'తులనాకాలమందు నిజమైన రోగికి వైద్యము అందునట్లు కుట్ర చేసినందుకు' అని. ఉద్యోగం పోతుందని అందరూ అన్నారు. ఇంట్లో మా ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఇందులో తిట్టిందేమిటో నాకు తెలీడం లేదండీ" అంది. నాకు ధైర్యం వచ్చింది.

విచారణ సమావేశ మందిరంలో జరిగింది. పరాంకుశం గారే విచారణాధికారి. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. షమీమ్ లేచి తానూ ఎత్తానంది. విద్యాధర్ తనకీ తెలుసన్నాడు. ఆనందరావు పిలవకుండానే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సాక్షిగా గురమ్మని పిలిపించారు.

గురమ్మ చేతికర్ర సాయంతో వచ్చింది. తలుపు దగ్గర నుంచి బల్ల దాకా ఇరవై అడుగులుంటుంది. కర్ర ఎర్రమ్మ చేతికిచ్చి, ఆ ఇరవై అడుగులూ ఒక్కతే నడిచింది. నెమ్మదిగా, కొంచెం కుంటుతూ.

"నీ పేరేమిటి?"

"గురమ్మ, బాబూ."

"నీకు తుంటి విరిగినదా?"

"ఇరిగినాది బాబూ. ఈ బాబు పోటో తీసినాడు. ఆ తల్లి బాగు సేసినాది."

పరాంకుశం గారు ఆవిడ కాళ్ల వంక చూశారు. పుస్తకం వంక చూశారు. చాలాసేపు ఆలోచించారు. కలం తీసుకుని, రాస్తూ పైకి చదివారు.

"సాక్షి స్వయముగా నడిచి వచ్చినది. తుంటి విరిగిన వ్యక్తి నడువజాలదు. కావున సాక్షి తుంటి విరుగలేదని నిర్ధారించడమైనది. విరుగని తుంటికి ఎక్స్‌రే గానీ, శస్త్రచికిత్స గానీ జరిగి ఉండదు. జరగని దానికి ముద్దాయి బాధ్యుడు కాడు. అభియోగము కొట్టివేయడమైనది."

నేను లేచి ఏదో అనబోయాను. షమీమ్ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

బయట వరండాలో మళ్లీ జనం నిండుగా ఉన్నారు. బేసిన్ లేదు. నా తలుపు ముందు తొంభై మంది ఉంటారు. నేను అటు నడుస్తుంటే గురమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వెనకే వచ్చింది.

"బాబూ, ఆ పెద్దాయన అంత సేపు ఏటి సదివినాడు?"

"నీకు తుంటి అసలు విరగనే లేదన్నారమ్మా. ఆపరేషను కూడా జరగలేదట."

గురమ్మ ఆగింది. చీర మీద నుంచే తుంటి పక్కన జానెడు పొడుగునా చేత్తో తడుముకుంది.

"మరైతే ఈ కుట్లు ఎవులివి బాబూ?"